పదిహేనో పేరు

హలో… ఆ, త్రినాథరావునే మాట్లాడుతున్నానండి, ఇంటర్నేషనల్ బిజినెస్ డిపార్ట్‌మెంటు… ఎవరూ?

…ఓర్నీ, నువ్వా బావా! నానే, నానే. కొత్త నంబరేటి? ఎవులో స్టూడెంటు అనుకున్నాను.

…అవును, గొంతు మార్చీసినాను. ఉద్యోగం గొంతది. ఇరవైమూడేల్ల నుంచీ అదే గొంతు. నవ్వకు.

…డిపార్ట్‌మెంట్లోనే ఉన్నాను. ఒక్కడినే. కంప్యూటరు ముందర కూకున్నాను. ఈ రోజు క్లాసుల్లేవు. పిల్లలెవులూ రాలేదు… నువ్వెక్కడ, పోర్టులోనా?

…ఇంటి కాడేనా. మల్కాపురంలో ఎండెలగుంది? ఇక్కడ తగరపువలసలో పొద్దున్నించీ మబ్బేసింది గానీ, వాన పడేలా లేదు—

…ఏటి?

…ఎవులు సెప్పినారు నీకు?

…అప్ప సెప్పిందా. మీ ఆవిడకెవులు సెప్పినారు?… నీ కూతురా. ఆశ ఇంట్లో అన్నీ సెప్పీత్తందన్నమాట… సర్లే. కాలేజీ మొత్తం తెలిసినాక ఆశకి తెలీకుండా ఉంటాదేటి.

…లేదు, లేదు. ఉద్యోగం ఇంకా పోలేదు.

…'ఇంకా' అంటే… అయిదు వరకూ ఉంది బావా. సాయంత్రం అయిదు. ఇప్పుడు నాలుగూ ఇరవై.

…సెప్తాను, ఇను. మా ఎంబీయే పిల్లలు రెండో ఏడు ఏదో ఒకటి ఎంచుకోవాల. మార్కెటింగో, ఫైనాన్సో, డేటా ఎనలిటిక్సో, నాదో. నాదంటే… మనోల్ల కంపెనీలు పై దేశాల్లో వ్యాపారం ఎలగ సెయ్యాల, ఏ దేశం ముందెల్లాల, అక్కడ ఎవులితో కలవాల, అదీ. అది ఎంచుకున్నోల్లు పదిహేను మంది ఉంటేనే క్లాసు నడుపుతారు. లేకపోతే ఎత్తీత్తారు. క్లాసు ఎత్తీత్తే నాతో పనేటి? నాది ఏడాదికోసారి కొత్తగా రాసే కాయితమే కదా బావా, నీకు తెలుసు. ఇరవైమూడు జూన్‌లు. ప్రతి జూన్‌లోనూ కొత్తగా సేరినట్టే.

…పద్నాలుగు.

…ఆఁ. పద్నాలుగు.

…ఒక్కటే బావా. ఒక్క పేరు తక్కువ.

…అడగలేదనుకున్నావా? మా హెడ్డు దేవీప్రసాద్ గారి గదికెల్లి నిలబడి అడిగినాను. 'త్రినాథ్ గారూ, పదిహేనంటే పదిహేనే. కంప్యూటరుకి మొగమాటం ఉండదు కదండీ' అన్నాడు. నవ్వుతానే అన్నాడు. టీ కూడా ఇచ్చినాడు. నాకంటే తొమ్మిదేల్లు సిన్నోడు బావా ఆయన. నా నోట్సు సదివే పరీక్ష రాసినాడు ఒకప్పుడు.

…ఏరే కాలేజీలా. అవీ అడిగినాను. ఒకల్లు, మా కాడ ఆ సబ్జెక్టు రెండేల్ల కిందే తీసీసినామన్నారు. ఇంకొకల్లు వయసెంతని అడిగినారు. యాభైరెండన్నాను. ఫోను కట్టైపోనాది… ఆల్లే కట్ సేసినారో, సిగ్నలే పోనాదో. మల్లీ సెయ్యలేదు.

…అదుగో. మొదలెట్టినావా. ఎన్నిసార్లంటావు బావా ఆ మాట?

…అవును, ఒక్క దేశం కూడా ఎల్లలేదు. అవును, పాస్‌పోర్టుంది. ఒకటి కాదు, రెండు. మొదటిది పదేల్లూ కాళీగానే ఉండి ఐపోనాది. రెండోది తీయించినాను. అదీ కాళీయే. ఇప్పుడందులో మా ఆవిడ పాత ఫోటోలు దాసుకుంటంది.

…బేంకాకా? అది నీకింకా గుర్తుందేటి… అక్కడి సదస్సుకి నా పేపరు తీసుకున్నారు, రమ్మని ఉత్తరం కూడా పంపినారు. సరిగ్గా ఆ వారమే నాకు పరీక్ష హాల్లో డ్యూటీ ఏసినారు. మూడు రోజులు పిల్లలు కాపీ కొట్టకుండా సూసినాను. అదీ నా విదేశీ యాత్ర.

…నవ్వు, నవ్వు. నీకేటి, రోజుకో దేశం ఓడెక్కుతావు. గ్రీసువోడి టీ తాగుతావు, ఫిలిప్పీనువోడి కాడ అన్నం తింటావు. నానేమో మూడో అంతస్తు కిటికీ కాడ నిలబడి, హైవే మీద కంటైనర్లెల్తంటే ఆటి మీద రాసిన పేర్లు సదువుకుంటాను. కాదేటి? నా పాఠాల్లో సగం నువ్వు సెప్పిన కతలే బావా. 'ఒక కేస్ స్టడీ చెప్తాను వినండి' అని మొదలెడతాను. పిల్లలు రాసుకుంటారు. అది మా బావ డాబా మీద కూకుని సెప్పినాడని ఆల్లకేటి తెలుసు.

…ఏటీ, నువ్వు సేరతావా? పదిహేనోవోడిగానా? పదో తరగతి తప్పినావు బావా… సరే సరే, లెక్కల్లో ఒక్కదాంట్లోనే తప్పినావు. అయినా ఒప్పుకోరు.

…

…అసలు పదిహేను మంది ఉన్నారు బావా. మంగళవారం దాకా పదిహేనే. నానే పోగొట్టుకున్నాను.

…కొట్టలేదు, తిట్టలేదు. పాఠం సెప్పినాను.

…ఇను మరి. ఈ వారమంతా పిల్లలు ఏ క్లాసులోనైనా కూకుని సూసుకోవచ్చు. నచ్చితే ఉంటారు, నచ్చకపోతే మారతారు. అందుకని మేస్టర్లందరం ఈ వారం మాకొచ్చిన మంచి పాఠం తీత్తాం. సేపల బజార్లో గంప మీద మంచి సేప పైన పెట్టినట్టు. నా కాడ మంచి పాఠం ఒకటుంది. ఎప్పుడు ఒగ్గీయాల, అని.

…ఒగ్గీడం. అదే, వదిలేయడం. ఒక కంపెనీ పై దేశం ఎల్తాది. పదేల్లు పెట్టుబడి పెడతాది. అక్కడ సాగదు. సాగదని ఆల్లకీ తెలుసు. అయినా ఒగ్గీరు. ఏల? ఇన్నాల్లు పెట్టినాం కదా, ఇప్పుడెలగ ఒగ్గీత్తాం అంటారు. పోయినదాని మొకం సూసి ఇంకా పోత్తారు. పోయింది ఎలాగూ పోయింది, ఎనక్కి సూడకు, ముందరేటుందో అదొక్కటే సూడు. అదీ పాఠం. గంటసేపు సెప్పినాను. ఒక్కడూ ఫోను తియ్యలేదు బావా. ఎనక బెంచీవోల్లు కూడా ఇన్నారు.

…ఆఁ. ఐపోయినాక ఒక కుర్రోడొచ్చినాడు. గణేషని, గాజువాక. నా కాల్లకి దండమెట్టినాడు. 'సార్, ఫస్టియర్ నుంచీ అందరికీ ఇదే తీసుకుంటానని చెప్పుకున్నాను కదా అని ఇందులోనే ఉండిపోయాను సార్. మీ పాఠం విన్నాక అర్థమైంది. మారిపోతున్నాను' అన్నాడు.

…నవ్వొత్తంది కదా. నానూ నవ్వినాను. 'వెరీ గుడ్, పాఠం నీకొక్కడికే ఎక్కింది' అన్నాను. భుజం తట్టినాను కూడా. పదేల్లకోసారి ఒకడికి అలగ ఎక్కుతాది బావా. సంతోషమేసింది. నిజంగా సంతోషమేసింది. గదికొచ్చి కంప్యూటరు సూత్తే పద్నాలుగు.

…సేసినాను ఆడికి ఫోను. సిగ్గొగ్గీసి మూడుసార్లు సేసినాను. ఎత్తలేదు… ఎత్తితే మాత్రం ఏటి సెప్తాను? నా పాఠం తప్పని సెప్పాల.

…ఆ మాట నువ్వనక్కర్లేదు బావా. నాకే తగిలింది. బోర్డు మీద రాసినాను, ఆ కంపెనీ ఎన్నేల్లు పెట్టుబడి పెట్టిందని. పదేల్లు అని రాయాల. ఎనక్కి తిరిగి సూత్తే ఇరవైమూడని రాసుంది. ఎవులూ సూడక ముందు సేత్తో సెరిపీసినాను.

…తెలుసు. అప్పుడే ఒగ్గీయాల్సింది. రొయ్యల కంపెనీవోల్లు ఎగుమతుల పని సూసుకోమని పిలిచినారు కదా, నువ్వే తీసుకెల్లినావు. సెమిస్టరు మధ్యలో పిల్లల్నొగ్గీసి ఎలగ రానండీ అన్నాను. ఆ కంపెనీ ఆయన నన్నెలగ సూసినాడో ఇంకా గుర్తే… ఇప్పుడనుకుని ఏటి సేత్తాం.

…మిగతా పద్నాలుగు మందా. ఆరుగుర్ని నానే బతిమాలినాను. కేంటీన్లో కూకోబెట్టి. ముగ్గురు ఎక్కడా సీటు దొరక్క వచ్చినోల్లు. ఇద్దరు అసలు క్లాసుకే రారు. నాను హాజరు గట్టిగా అడగనని వచ్చినారు. ముగ్గురికి ఇష్టం. ముగ్గురికే.

…ఏటి?

…వొద్దు.

…బావా, వొద్దన్నాను కదా. ఆ మాటెత్తకు.

…తెలుసు, ఆశా రెండో ఏడే. తెలుసు, ఈ కాలేజీయే. నానే కదా సేర్పించినాను. దానికి డేటా ఎనలిటిక్స్‌లో వచ్చింది బావా. అరవై సీట్లే. మూడొందల మంది ఎగబడినారు. మార్కులు బాగుండబట్టి దానికొచ్చింది. ఒగ్గించకు.

…'నా కూతురు నా మాట దాటదు' అంటావేటి? నీ మాట సంగతి కాదు బావా, దాని బతుకు సంగతి.

…మేనమావ మాటా… మేనమావనే. కాదన్నానేటి? సెవులు కుట్టించినపుడు నా ఒల్లోనే కూకోబెట్టినారు దాన్ని. రెండు సేతులూ నానే పట్టుకున్నాను. గిలగిల కొట్టుకుంది. 'కదలకమ్మా, అయిపోనాది, అయిపోనాది' అన్నాను. ఇంకా రెండో సెవి మిగిలే ఉంది. సొక్కా నిండా పాలు కక్కీసింది… ఎలగ మర్చిపోతాను.

…సబ్జెక్టు మంచిదే. మంచిదే గానీ… నీకు ఎంకటేషు గుర్తున్నాడా? బక్కోడు, కల్లద్దాలు. ఓడ సూపించమని నీ కాడికి తీసుకొచ్చినాను. మెట్లెక్కుతా నీ సెయ్యి ఒగ్గలేదు… ఆఁ, ఆడే. నా సబ్జెక్టులో బంగారు పతకం ఆడికి. నా దగ్గర సదివినోల్లందరిలోనూ ఆడే ఫస్టు.

…అదే సెప్తన్నాను. మొన్న నెలలో మాకొక పార్సెల్ సిరిగిపోయొచ్చింది. అడుగుదామని ఆనందపురం కాడ గోడౌనుకెల్లినాను. ఆడున్నాడు లోపల. నిలబడి, పెట్టెల మీద గీతల్ని మెషీను పెట్టి స్కాన్ సేత్తన్నాడు. రోజుకి రెండు వేల పెట్టెలంట. నన్ను సూసి ఆ మెషీను ఎనక్కి దాసీసినాడు బావా. ఆడికి సిగ్గై కాదు. నాను బాధపడతానని.

…ఏటన్నాడా. 'ఇంటర్నేషనల్ పార్సెల్స్ సెక్షన్ సార్' అన్నాడు.

…నా కోసమే అన్నాడు, మరేటి.

…నువ్వు సెప్పు ఇప్పుడు. ఆశని తీసుకొచ్చి నా క్లాసులో కూకోబెట్టమంటావా? కంపెనీలోల్లు వత్తారు బావా కాలేజీకి. ఎనలిటిక్సోల్లు రండి అంటారు, ఫైనాన్సోల్లు రండి అంటారు. నా పిల్లలు టై కట్టుకుని సాయంత్రం దాకా కూకునే ఉంటారు. కేంటీన్లో సమోసాలు తినీసి ఇల్లకెల్తారు. మర్నాడు గుడ్మార్నింగ్ సార్ అంటారు. ఆల్ల మొకాలు సూడలేక బోర్డు వైపు తిరిగి పాఠం సెప్తాను.

…

…నాకేల ఇష్టమా? ఇరవైమూడేల్లకి ఇప్పుడడుగుతన్నావేటి.

…నాన్న రొయ్యలు తెచ్చేవోడు కదా. పెద్దవి, టైగరు రొయ్యలు. పడవ ఒడ్డుకి రాగానే కంపెనీవోల్లు ఐసు పెట్టెల్లో పట్టుకుపోయేవోరు. అమ్మ మాకు తలకాయలు వొండేది. ఏడేల్లుంటాయి నాకు. 'నాన్నా, రొయ్య ఎక్కడికెల్తాది' అనడిగినాను. 'జపాను' అన్నాడు. 'జపానోడికి మన ఒడ్డు ఎలగ తెలుసు' అన్నాను. నాన్న నవ్వీసి వల దులుపుకున్నాడు, సెప్పలేదు. అదే బావా నా సదువంతా. జపానోడికి మన ఒడ్డు ఎలగ తెలుసు. అంతే.

…సెప్పుకుంటే సిన్న పిల్లోడి మాటలా ఉంటాది. డాక్టరేటుకి పెద్ద పెద్ద మాటలు పెట్టి అదే రాసినాను.

…ఆ పేపరేనా, ఇంకా అవ్వలేదు. పదకొండేల్లు. మన ఊరి సిన్న కంపెనీలు, రొయ్యలోల్లు, కొబ్బరి పీచోల్లు, జీడిపప్పోల్లు, పై దేశాలకి ఎలగెల్లినారు అని. నలభై మంది యజమానుల కాడ కూకుని రాసుకున్నాను. అచ్చెయ్యమని రీసెర్చి పత్రికకి నాలుగుసార్లు పంపినాను, నాలుగుసార్లూ తిరిగొచ్చింది. సివర్లో ఏటి రాసినారో తెలుసా? 'విశాఖపట్నమే ఎందుకు? ఇంకో ఊరు తీసుకుంటే తేడా ఏమిటి?' అని. ఏటి సెప్పాల? నాను పుట్టినాను ఇక్కడ, అని రాయకూడదు కదా.

…మల్లీ సరిసేసి పంపమన్నారు. కింద నా పేరు, పేరు కింద కాలేజీ పేరు ఉండాల. అయిదు దాటితే ఆ రెండో వరస ఉండదు.

…టీవీలోనా. సూసినావా నువ్వది? అమెరికావోడు మన రొయ్య మీద సుంకం పెంచినపుడు పిలిచినారు. మూడు గంటలు కూకోబెట్టి ఒకటిన్నర నిమిషం మాటాడించినారు. పేరు కింద 'రొయ్యల వ్యాపారి' అని ఏసినారు. మర్నాడు మా కంచరపాలెంలో ఇద్దరాపి కిలో ఎంత సార్ అనడిగినారు.

…ఆఁ. నవ్వుకోవాలి మరి.

…

…పోతే ఏటి సేత్తానా.

…

…తెలీదు బావా.

…మా ఆవిడ గౌరికి సెప్పలేదు. పొద్దున్న ఎప్పట్లాగే కేరేజీ కట్టి ఇచ్చింది. వంకాయ కూర. తినలేదు. ఇక్కడే ఉంది బల్ల మీద… భయమేత్తంది బావా. నిజం సెప్తన్నాను, నీకే సెప్తన్నాను. నాకింకేటీ రాదు. నాన్న నాకు వలెయ్యడం నేర్పలేదు. నువ్వు ఒడ్డుకి రాకు, సదువుకో అన్నాడు. సదువుకున్నాను. ఇప్పుడు వలా రాదు, ఈ సదువూ ఎవులికీ అక్కర్లేదు.

…ఏడవట్లేదు. జలుబది.

…నాలుగూ నలభై రెండు. పద్నాలుగే. అలగే ఉంది. దాన్నే సూత్తన్నాను కల్లార్పకుండా.

…అప్పకివ్వకు ఫోను. అప్ప గొంతు ఇంటే నాను తట్టుకోలేను… వొద్దని సెప్పు. రాత్రికి నానే సేత్తానని సెప్పు.

…ఎవులు? ఎవులికిత్తన్నావు? బావా— బావా, ఇను—

…హలో.

…ఆ… నానేనమ్మా ఆశా. బాగున్నాను. తిన్నావా?

…ఫోన్లో 'సార్' అనకమ్మా. క్లాసులో అందువు గాని.

…అవును. పద్నాలుగు. నువ్వూ అదే తెరిసి కూకున్నావా.

…వొద్దమ్మా. నాన్న మాట ఇనకు. నీకు నచ్చింది నువ్వు సదువు.

…నా గురించి నీకేల? నాకేటి. నాకు… ఏరే కాలేజీవోల్లు పిలుత్తన్నారు.

…ఆఁ. నిజంగానే.

…ఏ కాలేజీ అంటే… అది శ్రీకాకుళం వైపు. ఇంకా ఖాయం అవ్వలేదు గానీ, అయిపోద్ది.

…పేరా. పేరేటంటే…

…

…సరే. రాదు. మావకి అబద్ధం సెప్పడం రాదు. అమ్మ సెప్పిందా నీకది?

…లేదు. ఎవులూ పిలవలేదు.

…ఆశా? ఏటి సేత్తన్నావు? ఆ టకటకలేటి?

…ఏటి నొక్కినావు? ఆశా!

…ఆగు. ఇక్కడేదో వచ్చింది. 'ఒక విద్యార్థి మీ సబ్జెక్టులోకి మారడానికి దరఖాస్తు చేశారు. అంగీకరిస్తారా, తిరస్కరిస్తారా.' కింద నీ పేరు. ఫోటో కూడా ఉంది. రెండు జడలేసుకున్న ఫోటో. ఇదెప్పటిది?

…సివరి రోజున మారితే మేస్టారు ఒప్పుకోవాలమ్మా. నాను నొక్కితేనే అవుద్ది. నొక్కకపోతే ఏటీ అవదు, నువ్వెక్కడున్నావో అక్కడే ఉంటావు. ఎనలిటిక్స్‌లోనే.

…నొక్కను.

…నొక్కనమ్మా.

…నాలుగూ యాభై మూడు.

…ఏటడిగినావు? మల్లీ అడుగు.

…'మేస్టారుగా సెప్పండి, నాకిది మంచిదేనా' అనా.

…

…అంటే… అది ఎవరి ఆసక్తిని బట్టి వారికి ఉంటుందమ్మా. మార్కెట్ పరిస్థితులు కూడా ఎప్పటికప్పుడు మారుతుంటాయి. దీర్ఘకాలంలో చూసుకుంటే, అంతర్జాతీయ అవగాహన ఉన్నవాళ్ళకి ఎప్పుడూ ఒక…

…అవును. ఉద్యోగం గొంతే. నాన్న సెప్పినాడా దాని గురించి కూడా?

…అడగకమ్మా. మేస్టారుని అడిగితే మేస్టారు సెప్పాల్సొత్తాది. నాకు సెప్పాలని లేదు.

…సరే, మావని అడుగు. ఏటి?

…'భయమేత్తందా' అనా.

…

…ఆఁ.

…ఆఁ అమ్మా. శానా ఏత్తంది.

…ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

…యాభై ఆరు.

…ఏడుత్తన్నావా? ఆశా, ఏడవకు. నీకిష్టం లేదు కదా. నాకు తెలుత్తంది. ఇష్టం లేకుండానే నొక్కినావు. నా కోసం… ఎంకటేషు కూడా నా కోసమే అన్నాడు ఆ మాట. ఇరవైమూడేల్ల నుంచీ పిల్లలు నా కోసమే ఏదో ఒకటి అంటన్నారు.

…యాభై ఎనిమిది. కింద కాలేజీ బస్సోడు హారన్ కొడతన్నాడు.

…తిరస్కరించు అనేది ఎర్రగా ఉంది. పక్కనే. వేలు దాని మీదే ఉంది. దాని మీదే పెట్టినాను…

…ఏడవకమ్మా. సెవులు కుట్టినపుడూ ఇలగే ఏడిసినావు. నీకు తెలీదు. నా ఒల్లో. రెండు సేతులూ నానే పట్టుకున్నాను…

…

…కదలకమ్మా.

…

…అయిపోనాది. అయిపోనాది.

…నొక్కీసినాను.

…

…పదిహేను.

…ఆఁ, కనపడతంది. పదిహేను. ఆకుపచ్చ రంగొచ్చింది… నీ పాత సీటా? సూత్తాను ఆగు… అప్పుడే ఎయిటింగ్ లిస్టులో ఉన్న ఎవులికో ఎల్లిపోనాదమ్మా. కాళీలు సున్నా అని ఉంది.

…అవును. అయిదైపోనాది. ఇంక మారడానికి లేదు.

…

…ఆ… అమ్మకి సెప్పు. నాన్న నవ్వు ఇనపడతంది నాకు. స్వీట్లా? వొద్దు. ఏటీ తేవొద్దని సెప్పు. ఈ సాయంత్రం మీ ఇంటికి నాను రాను. తల నొప్పిగా ఉంది.

…ఆఁ, ఈ ఏడాదికి ఉంది. వచ్చే జూన్ సంగతి వచ్చే జూన్‌లో.

…సోమవారం. తొమ్మిదిన్నరకి. మూడో అంతస్తు, సివరి గది. రెండో బెంచీలో కూకో. మొదటి బెంచీ మీద ఫేను తిరగదు.

…ఏ పాఠం?

…గణేష్ సెప్పినాడా? అందరికీ సెప్తన్నాడా ఆడు… అంత బాగుందన్నాడా.

…లేదమ్మా. అది ఐపోనాది. నువ్వు లేనపుడు సెప్పీసినాను.

…మల్లీనా? లేదు. ఇంక సెప్పను. ఆ పాఠం తీసీసినాను.

…ఏలంటే…

…

…నువ్వు కూడా ఇని ఎల్లిపోతావని.

…నవ్వినావా. ఆ… నవ్వు. అలగే నవ్వుతా ఉండు. బస్సెల్లిపోతంది అమ్మా. ఉంటాను.